ఎండ కింద పన్నెండు ట్రేలు

మార్చి 3

అత్తకి,

నీ మేనల్లుడు రాస్తున్నాడు. కవరు చూడగానే "వీడికేదో కావాలి" అనుకుని ఉంటావు. నిజమే, కావాలి. ముందు నాలుగు మంచి మాటలు రాసి ఆ తర్వాత అడుగుతాను.

ఇక్కడికొచ్చి రెండు నెలలైంది. మా పరిశోధన కేంద్రం సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతిగుట్ట మీద ఉంది. మూడు గదులు, ఒక డాబా, సముద్రపు నీళ్ళు తోడే ఒక పంపు. పంపు చప్పుడు ఆగిందంటే ఎవరి చేతిలో ఏమున్నా వదిలేసి పరిగెత్తాల్సిందే. ఫోను పలకాలంటే గుట్ట కొసకి వెళ్ళి గాల్లో ఊగుతూ నిలబడాలి. అయినా ఫోన్లో నువ్వు "చేతిలో గాజుంది, తర్వాత చెయ్యి" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం. వారానికి రెండుసార్లు వచ్చే పడవలో వస్తుంది, పోతుంది.

నా పనేమిటో చెప్తాను. నాన్నకి కూడా చదివి వినిపించు. సముద్రపు నాచు కూడా చెట్లలాగే ఎండతోనే తిండి తయారుచేసుకుంటుంది. బళ్ళో కిరణజన్య సంయోగక్రియ అని నోరు తిరగక తన్నులు తిన్నాను చూడు, అదే. ఎండలో మన కంటికి కనిపించే వెలుగు ఒకటి, కనిపించని అతినీలలోహిత కిరణాలు ఇంకొకటి. మిట్టమధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే నాచు పని మందగిస్తుంది. ఆ దెబ్బ కనిపించే వెలుగు కొట్టిందా, కనిపించని కిరణాలు కొట్టాయా? ఇదే నా ప్రశ్న.

డాబా మీద పన్నెండు ట్రేలు పెట్టి, వాటిలో నీళ్ళు పారిస్తూ నాచు పరుస్తాను. ఆరు ట్రేల మీద అన్ని కిరణాలనూ లోపలికి వదిలే షీటు. తక్కిన ఆరింటి మీద అతినీలలోహితాన్ని ఆపేసే షీటు. ఫ్రేము కట్టేటప్పుడు బొమ్మల రంగు వెలవకుండా నువ్వు వేస్తుంటావే, ఆ రక్షణ షీటే.

ఇక అసలు సంగతి. అన్నీ వదిలే రకం పలక ఒకటి ఈ పడవలోనే పంపుతున్నాను. అందులోంచి ఆరు ముక్కలు, నీ రక్షణ షీటులోంచి ఆరు ముక్కలు, అరవైకి నలభై సెంటీమీటర్ల చొప్పున కోసి పంపాలి. ఇక్కడున్న రంపంతో నేను కోస్తే అంచులు ఎలక కొరికినట్టు వస్తున్నాయి. రెండు రకాలూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. నా పలకకి అంటించి ఉన్న నీలం కాగితం మీద నల్లటి పెద్దక్షరాలతో రాశాను. కలిసిపోకుండా చూడత్తా.

ఆ నాలుగు మంచి మాటలు వచ్చే ఉత్తరంలో.

నీ అల్లుడు

మార్చి 14

ఒరేయ్ అల్లుడూ,

మంచి మాటల కోసం ఉత్తరం రెండుసార్లు తిరగేశాను. సరే, బాకీ ఉంచుకో. షీట్లు పంపుతున్నాను.

మీ నాన్నకి చదివి వినిపించాను. "నాచుకి కూడా ఎండదెబ్బా!" అని ఒకటే నవ్వు. నాకు నవ్వేమీ రాలేదు. ఎండ ఏం చేస్తుందో ముప్ఫై ఏళ్ళుగా ఫ్రేములు కట్టేదానికి ఎవరో చెప్పాలా? పెళ్ళిఫొటోలో పెళ్ళికొడుకు వెలిసిపోయి మాయమైపోతుంటే ఆ పెళ్ళికూతురు పరిగెత్తుకొచ్చింది నా దగ్గరికే. "ఇక్కడ కట్టిన బొమ్మ రంగు మారదు" అని బోర్డు మీద ఊరికే రాయించానా?

ముక్కలు కోసి, అంచులు నున్నగా రుద్దాను. ఆ కాగితాలు పీకేసి, శుభ్రంగా కడిగి, రాక్‌లో ఆరబెట్టాను. పక్కషాపు దర్జీ గుమ్మంలోనే నిలబడి ఒకటే గొడవ. "అక్కా, కాగితం మీద ఏదో రాసుంది, పీకకు." "కాగితంతో పంపితే పెళ్ళికూతుర్ని గోనెసంచిలో సాగనంపినట్టుంటుంది, నువ్వెళ్ళి బొత్తాలు కుట్టుకో" అన్నాను. అరవై-నలభై మా షాపులో అందరూ అడిగే సైజే కాబట్టి రాక్‌లో నా రక్షణ షీట్లు కూడా అదే కొలతకి కోసి ఉన్నాయి. అయితే ఏం? రక్షణ షీటు అంచుని పక్కనుంచి చూస్తే లేత పసుపు కనిపిస్తుంది. నీ రకానికి అది ఉండదు. ఈ చేతుల మీదుగా ఎన్ని వేల షీట్లు పోయాయో! అంచులు చూసి పన్నెండూ ఏరి, మూలల్లో చిల్లులు వేసి, అన్నీ వదిలేవాటి మీద "అ" అనీ, ఆపేవాటి మీద "ఆ" అనీ చీటీలు అంటించాను. అన్నీ, ఆపు. గుర్తుంటుందా?

మా పళ్ళ డాక్టరు వాళ్ళమ్మ ఎనభయ్యో ఏట బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టింది. ఊదాపూల బొమ్మ. డాక్టరు దాన్ని రోగులు కూర్చునే గదిలో వేలాడదీస్తాడట. ఈ వారం అదే కడుతున్నాను. పెద్దావిడ రంగు వేసే తీరు చూస్తే నాకు ఈర్ష్యగా ఉందిరా.

సరిగ్గా తిను.

మీ అత్త

ఏప్రిల్ 9

అత్తకి,

మంచి మాట ఒకటి: నీ షీట్ల అంచులు చూసి మా కేంద్రంలో అందరూ వేళ్ళతో తడిమి మరీ చూశారు. రెండు: చిల్లులు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. మూడు, నాలుగు కిందున్నాయి.

వారంగా కొలుస్తున్నాను. నాచు ముక్కకి చిన్న క్లిప్పు పెట్టి, పావుగంట చీకట్లో ఉంచి, ఒక్క మెరుపు మెరిపిస్తే, అది ఎంత చురుగ్గా ఉందో యంత్రం ఒక అంకె చెబుతుంది. పదికి ఇన్ని మార్కులు అనుకో. పొద్దున ఏడు వస్తాయి. మిట్టమధ్యాహ్నానికి మూడుకి పడిపోతుంది. జబ్బు చేసి కాదు. కొట్టువాడు ఎండవేళ సగం తలుపు వేసుకున్నట్టు, నాచు కూడా వద్దన్న వెలుగుని బయటికి నెట్టేస్తూ కాచుకుంటుంది. కొంత దెబ్బ కూడా తగులుతుంది. సాయంత్రానికి బాగుచేసుకుని మళ్ళీ ఆరున్నరకి వస్తుంది.

విను, అసలు విశేషం! "అ" ట్రేలకీ "ఆ" ట్రేలకీ తేడానే లేదు! అక్కడ మూడంటే ఇక్కడా మూడే. అంటే అతినీలలోహితం వీటినేమీ చెయ్యడం లేదన్నమాట. ఈ కేంద్రం నడిపే మా పెద్దమేడం ఇరవై ఏళ్ళుగా చేస్తుందనే చెబుతోంది. షీట్లు ఏది ఎంత ఆపుతోందో కొలిచే పరికరం మరమ్మతుకి వెళ్ళింది గానీ, కోసి పంపింది నువ్వయ్యాక నాకింక అనుమానమేముంది? ఇది మూడో మంచి మాట.

ఇక్కడ ఒకావిడ ఉంది. పడవ నడుపుతుంది. లోతు నీళ్ళలోకి దిగి నాచు కోసి తెచ్చేది ఆవిడే. ఆవిడ లేకపోతే నా బతుకు ఏమయ్యేదో! నాకు ఈత సరిగ్గా రాదని ఆవిడకొక్కదానికే తెలుసు. నేను నీళ్ళలోకి దిగినప్పుడల్లా పట్టుకోమని తాడు అందిస్తుంది, ఎవరికీ చెప్పదు. ఆవిడకి నీ గురించి చెప్పాను. ఇది నాలుగు.

నీ అల్లుడు

ఏప్రిల్ 20

అల్లుడూ,

నాచు సంగతి తర్వాత. ఎవరా అమ్మాయి?

మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. చెప్తే పెట్టె సర్దుకుని పడవెక్కేస్తాడు. ఈతరాని వాడికి తాడిచ్చి, ఆ మాట కడుపులో దాచుకుందంటే పిల్ల మంచిదే. ఇద్దరూ ఒకచోట నిలబడి ఫొటో దిగండి. ఈ పడవలో ఫ్రేము పంపుతున్నాను. టేకుచెక్క, నాలుగు మూలలా లత చెక్కాను. మూడు రోజులు పట్టింది. ఇదివరకు ఒకరోజు పని. ఈ మధ్య అమ్ముతున్న బల్బుల్లో వెలుగు లేదురా, షాపులో మూడు మార్చినా అదే మసక. మొన్న ఒకాయనకి బొమ్మ చుట్టూ వేసే నీలం అట్ట అని నల్లది కోసిచ్చాను. ఆయన మంచివాడు కాబట్టి "ఇదీ బాగుంది" అని పట్టుకుపోయాడు. దర్జీ మాత్రం "అక్కా, బల్బు బాగానే ఉంది" అంటాడు. వాడికి అన్నీ బాగానే ఉంటాయి.

మీ పెద్దమేడానికి భయపడకు. ఇరవై ఏళ్ళుగా చెప్పినంత మాత్రాన నిజమైపోతుందా? నీ కొలతలు నీ దగ్గరున్నాయి, వెనక్కి తగ్గకు.

అమ్మాయి ఎత్తు ఎంత?

అత్త

మే 8

అత్తకి,

ఫ్రేము అద్భుతం. పడవమ్మకి ఇచ్చాను. చేత్తో నిమిరి నిమిరి చూసుకుని, అందులో మనవరాలి ఫొటో పెట్టుకుంది. అవునత్తా, మనవరాలే. ఆవిడకి యాభయ్యెనిమిదేళ్ళు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే పడవ ఒరిగిపోయేంతగా నవ్వింది. ఎత్తు ఐదడుగులట, నీకు చెప్పమంది.

ఇక్కడ ఇంకో గొడవ. సోమవారం అందరి ముందూ లేచి, అతినీలలోహితం వల్ల తేడా లేదని చెప్పేశాను. పెద్దమేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "షీట్లు కొలిచావా?" అంది. "కోసింది మా అత్త" అన్నాను. గదంతా గొల్లుమంది. నాకు మండిపోయింది. జూన్ పదిన బయటి నుంచి పెద్దలు వస్తున్నారు. వాళ్ళ ముందు ఇదే చెప్తానని పేరిచ్చేశాను. నన్ను ఇంకో రెండేళ్ళు ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది కూడా ఆ రోజే తేలుతుంది. నువ్వన్నట్టే, వెనక్కి తగ్గను.

నీ అల్లుడు

మే 19

అల్లుడూ,

నా లతల ఫ్రేములో మనవరాలా! సరే, పిల్ల బాగుంటుందా?

నా కోపం ఇప్పుడు దాని మీద కాదు. నిన్న పళ్ళ డాక్టరు షాపు నిండా జనం ఉండగా ఆ ఊదాపూల బొమ్మ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. రెండు నెలల్లో పూలు వెలిసిపోయాయట. "బోర్డు మీద ఏం రాశారండీ?" అని అందరికీ వినపడేలా అడిగాడు. నేను ఊరుకుంటానా? "మీ గదిలో మందుల ఆవిరికి పోయుంటుంది, నా షీటు నిక్షేపం" అన్నాను. "అమ్మ వేసిన మొదటి బొమ్మండీ" అన్నాడు. బొమ్మ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నీతో పనిబడింది. ఎండలోని ఆ కిరణాలు ఏమీ చెయ్యవని తేల్చావు కదా, అదే మాట మీ కేంద్రం కాగితం మీద రాసి, ముద్ర వేసి పంపు. డాక్టరు మొహాన కొడతాను. ఆ బొమ్మ మీద వేసింది రక్షణ షీటే. నీకు పంపిన రోజునే, అదే రాక్‌లోంచి, అంచు చూసి మరీ తీశాను. పసుపు అంచు లేనివి ఐదు ఇంకా అక్కడే పడున్నాయని దర్జీ అంటున్నాడు, నీ పలకలోంచి మిగిలినవేమో. కావాలంటే పంపుతాను.

ముద్ర మర్చిపోకు.

అత్త

మే 27

అత్తా,

నేను పంపిన పలకలోంచి సరిగ్గా ఆరు ముక్కలే వస్తాయి. ఆరూ నాకు పంపేస్తే, ఇంకో ఐదు ఎలా మిగులుతాయి?

నీ ఉత్తరం రావడానికి ముందు రోజే కొలిచే పరికరం మరమ్మతు నుంచి వచ్చింది. ఉత్తరం చదివి, ట్రేల మీంచి షీట్లన్నీ తీసి ఒక్కొక్కటీ కొలిచాను. పన్నెండూ రక్షణ షీట్లే. నువ్వు "అ" అని అంటించిన ఆరూ కూడా. రెండు నెలలుగా నా ట్రేలలో ఒక్కదానికీ అతినీలలోహితం తగల్లేదు. రెండు గుంపులకీ ఒకే గొడుగు పట్టి, తడవడంలో తేడా లేదని ఊరంతా చాటాను.

నీ దగ్గర మిగిలిన ఆ ఐదూ, డాక్టరు బొమ్మ మీదున్న ఒకటీ నావి. అందుకే ఆ పూలు వెలిశాయి.

కాగితం మీద అంత పెద్దక్షరాలతో రాశాను కదత్తా. అది పీకెయ్యమని ఎవరన్నారు? అంచు పసుపు కనిపించకపోతే ఎవరినైనా అడగొచ్చు కదా? ఇంక రెండు వారాల్లో అందరి ముందూ నిలబడాలి.

నీ అల్లుడు

జూన్ 2

శాస్త్రవేత్తగారికి,

తమరి ఉత్తరం అందింది. తమరి రెండు నెలల పని పాడుచేసినందుకు విచారిస్తున్నాను. మిగిలిన ఐదు షీట్లూ కాగితంలో చుట్టి సిద్ధంగా ఉంచాను.

ఇంతవరకు రాసి గంటసేపు కలం పక్కన పెట్టాను. నీకు "తమరు" అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది.

నిన్న షాపు మూసి దర్జీని లోపలికి పిలిచాను. నీ ఐదూ నావి ఐదూ కలిపి బల్ల మీద నిలబెట్టించి, అంచులు చూసి చెప్తానన్నాను. పదికి నాలుగు సరిగ్గా చెప్పాను. కళ్ళు మూసుకుని చెప్పినా అన్నే వస్తాయి. వాడు షీట్లన్నీ ఒక్కొక్కటీ పక్కకి సర్దాడు. "అక్కా, ఎప్పట్నుంచి?" అన్నాడు. చలికాలం నుంచి అన్నాను.

నాకు తెలుసురా. బల్బుల మీద నెడుతూ వచ్చాను. చూపు తగ్గిందంటే నా చేతికి ఎవరు బొమ్మ ఇస్తారు? గాజు కోసే వజ్రం పట్టుకున్న చెయ్యి ఇంకేం పని చేస్తుంది? ఆ భయంతోనే నీ కాగితం పీకాను. తెల్ల కాగితం మీద నీ ఉత్తరాలు చదవగలను గానీ, అది నాకు నల్ల కాగితంలా ఉంది, దాని మీద రాతని చదవలేకపోయాను. అది దర్జీకి తెలియకూడదని అలా నోరు చేసుకున్నాను.

నీకు రెండేళ్ళూ పోతే అది నా వల్లే.

అత్త

జూన్ 11

అత్తా,

ముందుగా ఇది చదువు. తప్పు నాది. షీటు కొలవకుండా ట్రే మీద పెట్టిన పరిశోధకుడు కొలవకుండా గుడ్డ కోసిన దర్జీతో సమానం. ఇది నేనన్నది కాదు, పెద్దమేడం అంది. నీ ఉత్తరం చేరాక నేను రాసింది గుర్తొచ్చి సిగ్గేసింది. నన్ను క్షమించు.

నిన్న మీటింగు అయింది. లేచి నిలబడి, "నేను చెప్తానన్నది తప్పు" అని మొదలుపెట్టాను. పన్నెండు షీట్ల కథ మొత్తం చెప్పాను. నీ కళ్ళ సంగతి చెప్పలేదు, నేను కొలవలేదన్నంత వరకే చెప్పాను. వచ్చిన పెద్దల్లో ఒకాయన దగ్గుతున్నట్టు నటించి నవ్వుకున్నాడు. చివర్లో పెద్దమేడం లేచి ఏమందో తెలుసా? "ఈ అబ్బాయి తెలియకుండా ఒక మంచి పని చేశాడు. అతినీలలోహితం బొత్తిగా లేకుండా, కనిపించే వెలుగొక్కటే నాచుని మధ్యాహ్నం ఏడు నుంచి మూడుకి దించుతుందని పన్నెండు ట్రేలలో చూపించాడు. ఇందులో సగం కనిపించని కిరణాల పనేనని నేను అనుకుంటూ ఉండేదాన్ని. అది నా తప్పు. ఇప్పుడు తక్కిన సగం ప్రయోగం చెయ్యమనండి." నన్ను ఉంచుతున్నారత్తా!

కాబట్టి నాకు ఆ ఆరు షీట్లూ కావాలి. ఐదూ నీ దగ్గరున్నాయి, ఆరోది డాక్టరు గోడ మీద ఉంది.

ఇక నీ కంటి మాట. వయసుతో కంట్లోని కటకం పసుపుబారి మసకబడుతుంది. శుక్లం అంటారు. నీ రక్షణ షీటులాంటిదే నీ కంట్లో పెరిగిందన్నమాట. పసుపులోంచి పసుపుని చూడలేవు, నీలం నల్లగా కనిపిస్తుంది. దాన్ని తీసి కొత్తది పెడతారు. అరగంట పని. చేతులకేమీ కాదు, వజ్రం ఎక్కడికీ పోదు. నువ్వు వెళ్ళేదాకా రోజుకో ఉత్తరం రాస్తాను, పడవమ్మ చేత మొయ్యలేనంత బరువు మోయిస్తాను.

డాక్టరుకి ఒక నిజం కూడా చెప్పు. రక్షణ షీటు వేసినా సూటిగా పడే ఎండలో ఊదారంగు కొంత పోతుంది. కనిపించే వెలుగు కూడా రంగుని తింటుంది. నా నాచు నేర్పిన పాఠం అదే.

నీ అల్లుడు

జూలై 6

చిరంజీవి అల్లుడికి,

(నమస్తే. నేను పక్కషాపు దర్జీని. అక్క కంటికి కట్టు కట్టారు, ఒంగకూడదన్నారు. ఆవిడ చెప్తుంటే నేను రాస్తున్నాను.)

మొన్న కుడి కంటికి ఆపరేషను అయింది. నొప్పి లేదు. (భయపడింది. నా చెయ్యి ఇంకా ఎర్రగానే ఉంది.) అది రాయకు. (రాశాను.)

దానికి ముందు నేను డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గది నిండా బుగ్గలు పట్టుకుని కూర్చున్న జనం. అందరి ముందూ, "ఆ రోజు మీ మందుల ఆవిరి అన్నాను, అబద్ధం. తప్పు షీటు వేశాను. నాకు చూపు ఆనడం లేదు" అన్నాను. ఆయన పళ్ళు పీకే పనిముట్టు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కుర్చీలో ఉన్నాయన నోరు మూసుకోవడం కూడా మర్చిపోయాడు. అప్పుడు లోపల్నుంచి పెద్దావిడ వచ్చింది. వెలిసిన బొమ్మని వెలుగులో పెట్టి చాలాసేపు చూసి, "ఇప్పుడే బాగుందమ్మా, మొదట మరీ కొట్టొచ్చినట్టు వేశాను" అంది. ఇలాగే వెలిసిన రంగుల్లో ఇంకోటి వేస్తుందట. ఆవిడకి రెండు కళ్ళూ ఎప్పుడో అయ్యాయి. నాతో ఆసుపత్రికి తోడొచ్చింది ఆవిడే. (నేనూ వెళ్ళాను.) వీడూ వచ్చాడు.

బోర్డుకి కింద ఒక వరస రాయించాను: "ఎండలో పెట్టనంతకాలం." (నా సలహా.)

డాక్టరు బొమ్మ మీదిది కూడా విప్పి తెచ్చాను, ఆరు షీట్లూ వస్తున్నాయి. ఒక్కొక్కటీ వీడు చూశాడు, నేను చూశాను, వీడు మళ్ళీ చూశాడు. చీటీలు వీడే రాశాడు. అయినా కొలువు. నన్ను నమ్మకు.

నీకు రోజుకో ఉత్తరం అక్కర్లేదు. వారానికొకటి చాలు.

మీ అత్త (రాసింది: దర్జీ)

ఆగస్టు 21

అత్తకి,

కొలిచాను. పెట్టేముందు కొలిచాను, పెట్టాక కొలిచాను, నిన్న ఇంకోసారి కొలిచాను. ఆరూ అన్నీ వదిలేవే, ఆరూ ఆపేవే.

ఫలితం చెప్తాను, ఈసారి మెల్లగా చెప్తాను. ఒడ్డున రాళ్ళ మీద పెరిగిన నాచు మధ్యాహ్నం "ఆ" ట్రేలలో మూడు, "అ" ట్రేలలో రెండున్నర. అంతే తేడా. కిందికి దించేది ఎక్కువగా కనిపించే వెలుగే. కానీ సాయంత్రం చూడాలి! "ఆ" ట్రేలవి ఆరున్నరకి లేచి కూర్చున్నాయి. "అ" ట్రేలవి ఐదు దగ్గరే ఆగిపోయాయి. తెల్లారేసరికి గానీ తేరుకోలేదు. అంటే కనిపించని కిరణాలు పడగొట్టడం కన్నా లేవనివ్వకపోవడంలో గట్టివి. పడవమ్మ లోతులోంచి తెచ్చిన నాచయితే మూడో రోజుకి కూడా కోలుకోలేదు. నీడలో పెరిగింది పాపం, కాచుకోవడం దానికి నేర్పినవాళ్ళెవరూ లేరు.

పెద్దమేడం మాటా నిజమే, నా మాటా సగం నిజమే. ఇద్దరం కలిసి వ్యాసం రాస్తున్నాం. చివర కృతజ్ఞతల్లో "షీట్లు కోసినవారు" అని నీ పేరు ఉంటుంది. దర్జీది కూడా పెట్టమంటే పెద్దమేడం ఒప్పుకుంది. వాడికి చెప్పకు, ఆ కాగితం తెచ్చి ఫ్రేము కట్టమని ప్రాణం తీస్తాడు.

రెండో కన్ను కూడా అయిందిగా. షాపుకి నాలుగు రోజులు తాళం వేసి రా. పడవమ్మ నిన్ను చూడాలంటోంది.

నీ అల్లుడు

సెప్టెంబరు 17, మధ్యాహ్నం, నీ బల్ల మీద

అల్లుడూ,

నువ్వు పడవమ్మతో నాచుకి వెళ్ళి ఇంకా రాలేదు. గాలి ఎక్కువగా ఉంది, ఒడ్డుకి చేరడం ఆలస్యమవుతుందని పెద్దమేడం అంది. పన్నెండింటి కొలత తప్పిపోతుందని కంగారు పడుతుంటే, "నేను చేస్తాను" అన్నాను. క్లిప్పు ఎలా పెట్టాలో ఆవిడే చూపించింది. ముప్ఫై ఏళ్ళు ఫ్రేములకి సూదిమేకులు కొట్టినదానికి క్లిప్పు ఒక లెక్కా? పన్నెండు ట్రేల అంకెలూ నీ పుస్తకంలో రాశాను. ఏడో ట్రేలో నాచు జారిపోతే మళ్ళీ సర్దాను. ఆ సంగతి కూడా పక్కన రాశాను.

ఇంకో సంగతి. నీ పుస్తకం మొదటి పేజీలో "గోధుమరంగు నాచు" అని రాసుకున్నావు. ఎవరు చెప్పార్రా నీకు? పావుగంటసేపు మోకాళ్ళ మీద కూర్చుని, పక్కవాటంగా చూశాను. ప్రతి కొమ్మ కొసనా నీలం మెరుస్తోంది. నెమలి మెడ మీద ఉంటుందే, ఆ నీలం. కాస్త కదిలితే పోతుంది, మళ్ళీ అదే చోట తల పెడితే వస్తుంది. నా కొత్తకళ్ళ గారడీ ఏమో అనుకుని పెద్దమేడాన్ని పిలిచాను. ఆవిడ చీర తడుస్తున్నా చూసుకోకుండా పక్కనే కూర్చుంది. "అవునమ్మా, ఉంది" అంది.

అప్పుడు ట్రే ట్రేకీ తిరిగి చూశాను. "ఆ" ట్రేలలో ఆ నీలం బాగా ఉంది. "అ" ట్రేలలో సగం కూడా లేదు. చీటీలు చూడకుండా ఏది ఏదో మూడుసార్లు చెప్పి చూశాను, మూడోసారి మేడం చీటీల మీద చెయ్యి అడ్డం పెట్టి మరీ అడిగింది. పన్నెండుకి పన్నెండూ సరిగ్గా చెప్పాను. "ఇది ఎందుకలా?" అని అడిగితే ఆవిడ, "తెలీదు, ఎవరూ చూసినట్టు లేదు" అంది.

నువ్వు ఆరు నెలలుగా రోజూ వీటి ముందే కూర్చుంటున్నావు కదరా. ఒక్కసారైనా తల వంచి పక్కనుంచి చూశావా?

నేను డాబా మీదే ఉన్నాను. ఎండ తగ్గేలోపు రా.

అత్త